అగరుబత్తితో మొదలుపెట్టండి: అమెరికా చలికాలంలో ఇంటి హీటింగ్ ఖర్చు తగ్గించుకోవడం ఎలా

మన వైపు ఇల్లు చూడటానికి వెళ్లిన పెద్దలు ముందు అడిగేది గాలి సంగతి. ఎదురెదురు తలుపులు ఉన్నాయా, పడమటి గాలి తగులుతుందా, వంటింటి వేడి బయటికి పోతుందా అని చూస్తారు. గాలి ఆడని ఇంట్లో ఎవరూ అద్దెకు కూడా దిగరు. ఆ లెక్కలు తలలో పెట్టుకునే నేను మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో, 1974లో కట్టిన ఇల్లు కొన్నాను. మొదటి జనవరి గ్యాస్ బిల్లు రాగానే ఇల్లు వేడి చేసే ఫర్నేస్ చెడిపోయిందనుకుని మెకానిక్‌ను పిలిచాను. అతను అరగంట చూసి, యంత్రానికి ఏ రోగమూ లేదని, కాల్చిన గ్యాసంతా పైకప్పు కిందున్న అటక మీదుగా ఆకాశంలోకి పోతోందని చెప్పి, వచ్చినందుకు డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ డబ్బు వృథా కాలేదు.

చాలామంది ఈ పనిని తలకిందులుగా చేస్తారు. ముందు ఇంటి వేడిని అదుపు చేసే ఖరీదైన థర్మోస్టాట్ కొంటారు, తర్వాత కిటికీలన్నీ మార్పిస్తారు, ఆ తర్వాత కొత్త ఫర్నేస్ పెట్టిస్తారు. చివరికి ఎప్పుడో అటక ఎక్కి చూస్తారు. చిల్లి కుండకు వెండి మూత చేయించినట్టు ఉంటుంది. ముందు చిల్లులు మూయాలి. అది చవక పని, మీ చేతులతో అయ్యే పని. ఇక్కడ చెప్పే వరుస అదే. చల్లటి రాష్ట్రాల్లో, గ్యాస్ ఫర్నేస్ ఉన్న సొంత ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అద్దె అపార్ట్‌మెంట్లకూ, హీట్ పంపు ఉన్న ఇళ్లకూ తేడా ఎక్కడ వస్తుందో అక్కడక్కడా చెబుతాను.

ముందు బిల్లు చదవండి

డాలర్ల అంకె వదిలేసి, ఎన్ని థర్మ్‌లు వాడారో చూడండి. గ్యాస్ ఇచ్చే వేడికి థర్మ్ ఒక కొలత. కొన్ని కంపెనీలు వంద ఘనపుటడుగుల లెక్కన వేస్తాయి. రెండూ ఇంచుమించు సమానమే కాబట్టి కంగారు లేదు. జులై బిల్లు తీయండి. ఆ నెలలో ఫర్నేస్ వెలగదు, అంటే అది పొయ్యికీ స్నానాల నీళ్లకూ అయిన గ్యాస్. మా ఇంట్లో మొదటి ఏడాది జులైలో 18 థర్మ్‌లు, జనవరిలో 196. తీసేస్తే 178 థర్మ్‌లు ఒక్క ఇల్లు వేడి చేయడానికే పోయాయి. ఇక్కడ చెప్పే పనులు దాదాపు అన్నీ ఆ 178 మీదే పనిచేస్తాయి. వంట తగ్గించుకుని గ్యాస్ ఆదా చేయాలని చూడకండి.

వచ్చే ఏడాదితో పోల్చుకోవాలంటే చలి కూడా లెక్కలోకి రావాలి. ఒక జనవరి మెత్తగా ఉంటుంది, ఒక జనవరి ఎముకలు కొరుకుతుంది. దీనికి ఇక్కడ ‘డిగ్రీ డేస్’ అనే కొలత ఉంది. రోజు సగటు ఉష్ణోగ్రత 65 ఫారెన్‌హీట్ కంటే ఎంత తక్కువగా ఉందో అన్ని డిగ్రీలు ఆ రోజు ఖాతాలో పడతాయి. సగటు 25 ఉన్న రోజుకు 40. నెల మొత్తం కూడి, థర్మ్‌లను దానితో భాగించి, ఆ అంకెను ఎక్కడైనా రాసిపెట్టుకోండి. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో మీ ఊరి నెలవారీ లెక్క దొరుకుతుంది. చలి ఎక్కువైనందుకు బిల్లు పెరిగిందా, ఇల్లు కారుతున్నందుకు పెరిగిందా అన్నది ఆ ఒక్క అంకె చెప్పేస్తుంది.

అగరుబత్తి పట్టుకుని ఇల్లంతా తిరగండి

చలి బాగా ఉండి, గాలి వీస్తున్న రోజు ఎంచుకోండి. కిటికీలు, తలుపులు అన్నీ మూయండి. ఫర్నేస్ ఆపండి. గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే దాన్ని పైలట్ మీద, అంటే చిన్న మంట మాత్రమే వెలిగేలా, పెట్టండి. ఈ రెండూ మరిచిపోవద్దు, ఎందుకంటే తర్వాత చేసే పనికి చిమ్నీలో నుంచి పొగ వెనక్కి ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉంది. ఇప్పుడు వంటింటి ఫ్యాన్, బాత్‌రూముల ఫ్యాన్లు అన్నీ వేయండి. ఇంట్లో గాలి బయటికి పోతుంటే, బయటి చల్లగాలి సందు దొరికిన చోటల్లా లోపలికి దూరుతుంది.

ఒక అగరుబత్తి వెలిగించి, కిటికీ అంచుల దగ్గర, తలుపు కింద, బయటి గోడల స్విచ్ బోర్డుల దగ్గర, స్కర్టింగ్ పట్టీల వెంబడి, అటక మూత దగ్గర నెమ్మదిగా తిప్పండి. పొగ నిటారుగా లేస్తే ఆ చోటు మంచిది. పొగ వంగినా, చెదిరినా అక్కడ చిల్లు ఉన్నట్టే. అక్కడ చిన్న రంగు టేపు ముక్క అంటించి ముందుకు సాగండి. పరదాలకు దూరంగా పట్టుకోండి. మా ఇంట్లో మొదటిసారి నలభై మూడు టేపు ముక్కలు లెక్క తేలాయి. దేవుడి గదిలో వెలిగించాల్సిన అగరుబత్తులు సగం ఆ రోజే అయిపోయాయని అమ్మ విసుక్కుంది. పని అయ్యాక ఫ్యాన్లు ఆపి, ఫర్నేస్, వాటర్ హీటర్ మళ్లీ మామూలుగా పెట్టడం మరవకండి.

ఇదే పరీక్షను డబ్బిచ్చి చేయించుకోవచ్చు కూడా. వీధి తలుపులో పెద్ద ఫ్యాన్ బిగించి, ఇంట్లో గాలి బయటికి లాగి, ఎంత గాలి కారుతోందో అంకెల్లో చెబుతారు. వేడిని చూపించే కెమెరాతో గోడలు చూసి, వేడిని ఆపే పొర, అంటే ఇన్సులేషన్, ఎక్కడ లేదో చూపిస్తారు. చాలా గ్యాస్, కరెంటు కంపెనీలు తమ వినియోగదారులకు దీన్ని తక్కువ ఖర్చుకో, ఉచితంగానో చేయిస్తాయి. ముందు వాళ్లకు ఫోన్ చేసి అడగండి. ఇంటికి తలుపు తట్టి వచ్చి ‘ఉచిత పరీక్ష’ అనేవాళ్లు ఎక్కువగా కిటికీలు అమ్ముకునేవాళ్లు.

పైనా కిందా ముందు, మధ్యలో తర్వాత

వేడి గాలి పైకి లేస్తుంది. ఇల్లు ఒక పొగ గొట్టంలా పనిచేస్తుంది. పై చిల్లుల్లో నుంచి వెచ్చటి గాలి వెళ్లిపోతుంటే, ఆ ఖాళీని నింపడానికి బేస్‌మెంట్ సందుల్లో నుంచి చల్లగాలి దూరుతుంది. అందుకే కాళ్లకు చలి తగులుతుంది. మీకు చలి తగిలే కిటికీ కంటే, మీ కంటికి కనిపించని అటకే పెద్ద దొంగ. పై చిల్లులు మూసేస్తే కింద గాలి దూరడం కూడా తగ్గుతుంది.

అటకలో ముందు అటక మూతనే చూడండి. పలుచటి చెక్క ముక్క తప్ప ఇంకేమీ ఉండదు. దాని అంచుల చుట్టూ గాలి ఆపే వెదర్ స్ట్రిప్ పట్టీ అంటించి, వెనకవైపు మందపాటి నురగ పలక బిగించండి. మడత నిచ్చెన ఉన్న అటకకైతే దాని మీద బోర్లించే ఇన్సులేషన్ పెట్టెలు అమ్ముతారు. తర్వాత గోడల పైనుంచి వైర్లు, పైపులు వెళ్లే రంధ్రాలు వెతికి స్ప్రే నురగతో మూయండి. ఫర్నేస్ పొగ గొట్టం చుట్టూ మాత్రం మామూలు నురగ వాడకూడదు, అది మండుతుంది. అక్కడ రేకు, మంటను తట్టుకునే సీలెంట్ కావాలి. చేయి తిరగకపోతే ఆ ఒక్కటి పనివాళ్లకు వదిలేయండి.

బేస్‌మెంట్‌లో కాంక్రీటు గోడ ముగిసి, ఇంటి చెక్క చట్రం మొదలయ్యే చోటు ఇల్లు చుట్టూ ఉంటుంది. పాత ఇళ్లలో అక్కడ వేలు దూరే సందులుంటాయి. నురగ పలకను ముక్కలుగా కోసి ఒక్కో గడిలో కూర్చి, అంచులను స్ప్రే నురగతో బిగిస్తే చాలు. నాకు రెండు శనివారాలు పట్టింది. ముఖానికి మాస్క్, చేతులకు గ్లవ్స్, వంటికి పారేయదగ్గ చొక్కా వేసుకోండి. ఆ నురగ చొక్కాకు అంటితే ఏ సబ్బుకూ వదలదు.

ఫైర్‌ప్లేస్ ఉన్న ఇల్లయితే దాని గొట్టంలోని రేకు మూత మూసి ఉందో లేదో చేత్తో చూడండి. మా ఇంట్లో అది రెండు చలికాలాలు తెరిచే ఉంది. అంటే రెండేళ్లు పైకప్పులో ఒక కిటికీ తీసిపెట్టి పడుకున్నామన్నమాట. ఇంకో మాట, ఆ ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు కాలిస్తే భోగి మంట ముందు కూర్చున్న హాయి ఉంటుంది గానీ, అది ఇంట్లోని వెచ్చటి గాలినంతా గొట్టంలోకి లాగేస్తుంది. ముందు గది వెచ్చగా, మిగతా గదులు చల్లగా ఉంటాయి. పండుగకు వెలిగించుకోండి. ఖర్చు తగ్గుతుందని మాత్రం వెలిగించకండి.

చిల్లులు మూశాకే ఇన్సులేషన్. అటకలో చెక్క దూలాల పైఅంచులు కనిపిస్తున్నాయంటే ఇన్సులేషన్ చాలదని అర్థం. వేడిని ఎంత ఆపుతుందో ‘ఆర్’ అంకె చెబుతుంది. చల్లటి రాష్ట్రాలకు అటకలో ఆర్-49 నుంచి ఆర్-60 వరకు ఉండాలని అమెరికా ఇంధన శాఖ సిఫారసు. కాగితపు పీచుతో చేసిన సెల్యులోజ్ అయితే ఆర్-49కి దాదాపు 14 అంగుళాల మందం కావాలి. పెద్ద హార్డ్‌వేర్ దుకాణాల్లో ఆ బస్తాలు కొంటే, వాటిని చల్లే యంత్రం అద్దెకిస్తారు. ఇద్దరు మనుషుల పని. చూరు దగ్గర గాలి వచ్చే సందులు మూసుకుపోకుండా చూసుకోండి, లేకపోతే అటకలో చెమ్మ చేరి బూజు పడుతుంది. ఇక పాత అటకలో బూడిదరంగు, బంగారు రంగు రాళ్ల రవ్వ లాంటిది కనిపిస్తే దాన్ని కదిలించకండి. అది వర్మిక్యులైట్ కావచ్చు. అందులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, పరీక్ష చేయించాకే ముందుకు వెళ్లాలి.

కిటికీలు మార్చే ముందు

కిటికీల అమ్మకందారు చెప్పే లెక్క నమ్మితే అవి మూడేళ్లలో సొంత ఖర్చు రాబట్టుకుంటాయి. నేను కాగితం మీద వేసుకుంటే నా జీవితకాలం చాలేలా లేదు. కిటికీ పుచ్చిపోతే మార్చండి. హీటింగ్ ఖర్చు కోసమే అయితే ఆ డబ్బుతో అటక పని చేయించి, మిగిలిన డబ్బుతో ఊరెళ్లి రండి.

కిటికీలకు చేయాల్సిన చిన్న పనులు మూడున్నాయి. మొదటిది, లాక్ వేయడం. ఇక్కడి కిటికీల్లో లాక్ దొంగల కోసమే కాదు, పై చట్రాన్ని, కింది చట్రాన్ని దగ్గరికి లాగి సందు మూస్తుంది. మూసిన కిటికీకి లాక్ వేయని ఇళ్లు ఎన్నో చూశాను. రెండోది, పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్మ్. చట్రం చుట్టూ రెండువైపులా అంటుకునే టేపు వేసి, ఫిల్మ్ అంటించి, జుట్టు ఆరబెట్టే డ్రయర్‌తో వేడి చేస్తే డోలు చర్మంలా బిగుసుకుంటుంది. అద్దానికి, ఫిల్మ్‌కు మధ్య నిలిచిపోయిన గాలే మీకు ఇన్సులేషన్. అద్దె ఇళ్లలో ఉండేవారికి ఇంతకు మించిన మందు లేదు, ఏప్రిల్‌లో పీకేయవచ్చు. మూడోది, దక్షిణం వైపు పరదాలు పగలు తీసి, చీకటి పడగానే వేయడం. పరదా వెంట్ మీద పడకుండా చూడండి. వెంట్ నుంచి వచ్చే వేడి పరదా వెనక కిటికీకి తగిలి పోతుంటే మీరు వీధికి వేడి పంపుతున్నట్టే.

తలుపు కింద సందుకు డోర్ స్వీప్ అనే పట్టీ బిగించండి. అద్దె ఇంట్లో కుదరకపోతే పాత నేత చీరను పొడుగ్గా చుట్టి, రెండు చివరలా కట్టి, తలుపు వారగా పెట్టండి. గ్యారేజీకి వెళ్లే తలుపు ప్రత్యేకంగా చూడండి. మనవాళ్లలో చాలామంది చేపల వేపుడు, పచ్చళ్లు, గారెలు గ్యారేజీలో స్టవ్ పెట్టుకుని చేస్తారు. ఆ గంటసేపు తలుపు ఓరగా తెరిచే ఉంటుంది. తలుపు మూసి, గ్యారేజీ పెద్ద షట్టరు కొంచెం ఎత్తి పెట్టి వండుకోండి. గ్యాస్ పొయ్యికి గాలి అవసరం కూడా.

థర్మోస్టాట్ గొడవ

ప్రతి తెలుగు ఇంట్లోనూ ఇది జరిగేదే. అబ్బాయి 66 పెడతాడు, కోడలు 70 పెడుతుంది, ఊరి నుంచి వచ్చిన నాన్నగారు ఎవరూ చూడనప్పుడు 76 పెడతారు. ముందు రెండు అపోహలు తీసేయాలి. థర్మోస్టాట్ యాక్సిలరేటర్ కాదు. 80 పెడితే ఇల్లు త్వరగా వేడెక్కదు. మామూలు ఫర్నేస్ ఒకే వేగంతో వెలుగుతుంది, 80కి పెడితే ఎక్కువసేపు వెలుగుతుంది, అంతే. రెండో అపోహ, రాత్రి తగ్గించి పొద్దున పెంచితే మళ్లీ వేడి చేయడానికి ఇంకా ఎక్కువ గ్యాస్ అవుతుందనేది. ఇది తప్పు. ఇంటి నుంచి వేడి ఎంత వేగంగా పోతుందనేది లోపలికి, బయటికి ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. ఇల్లు చల్లగా ఉన్న ఆ కొన్ని గంటలు వేడి తక్కువే పోయింది, ఆ తక్కువే మీ లాభం.

మెలకువగా ఉన్నప్పుడు 68, అంటే 20 సెల్సియస్. పడుకునేటప్పుడు, అందరూ ఆఫీసులకూ బడులకూ వెళ్లినప్పుడు దానికంటే 7 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తక్కువ. రోజుకు ఎనిమిది గంటలు ఇలా ఉంచితే ఏడాదికి 10 శాతం దాకా ఆదా అని అమెరికా ఇంధన శాఖ లెక్క. పసిపాప, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో అంత దించకండి. మూడు నాలుగు డిగ్రీలు దించినా దించినంత మేరకు కలిసొస్తుంది. మామూలు ప్రోగ్రామ్ చేసే థర్మోస్టాట్ చాలు. ఫోనుతో మాట్లాడేది లేకపోయినా నష్టం లేదు.

హీట్ పంపు ఉన్న ఇళ్లలో ఈ సూత్రం అలాగే వాడకూడదు. కరోలినాల్లో, జార్జియాలో, వర్జీనియాలో ఇవి ఎక్కువ. హీట్ పంపు ఒక యూనిట్ కరెంటుతో బయటి గాలిలోని వేడిని లాగి రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. కానీ పొద్దున్నే ఒక్కసారిగా ఎనిమిది డిగ్రీలు పెంచమంటే అది అందుకోలేక, లోపలున్న విద్యుత్ తీగలను వెలిగిస్తుంది. తెరమీద ‘ఆక్స్’ అని కనిపిస్తుంది. అప్పుడు ఒక యూనిట్‌కు ఒక యూనిట్ వేడే. కాబట్టి హీట్ పంపును దాదాపు ఒకే దగ్గర ఉంచండి. ‘ఎమర్జెన్సీ హీట్’ బటన్ పేరు చూసి బాగా చలిగా ఉన్న రోజు నొక్కాలనుకుంటారు. పంపు చెడిపోయినప్పుడు తప్ప దాన్ని ముట్టుకోవద్దు.

ఇక నాన్నగారి సంగతి. విజయవాడలో జనవరి తెల్లవారుజామున ఇంచుమించు 19, 20 సెల్సియస్ ఉంటుంది. ఆ వేళకు అక్కడ ఆయన శాలువా కప్పుకుని, మంకీ క్యాప్ పెట్టుకుంటారు. మనం ఇక్కడ అదే 20 పెట్టి, ‘ఇల్లు వెచ్చగానే ఉంది కదా’ అని పంచెతో తిరగమంటే ఎలా? తప్పు ఆయనది కాదు. లోపల వేసుకునే పలుచటి థర్మల్స్ రెండు జతలు, ఉన్ని సాక్సులు, ఇంట్లో తొడుక్కునే చెప్పులు, చెవులు మూసే టోపీ కొని ఇవ్వండి. వాళ్ల గదిని దక్షిణం వైపుకు, పై అంతస్తుకు మార్చండి, అక్కడ సహజంగానే వెచ్చగా ఉంటుంది. అయినా వణుకుతుంటే 72 పెట్టండి. అమ్మానాన్నలను వణికించి మిగుల్చుకునే డాలర్లు వద్దు.

గదిలో చిన్న హీటర్ పెడితే చవక కదా అనే ప్రశ్న వస్తుంది. లెక్క వేద్దాం. ఈ హీటర్లు 1,500 వాట్లవి. ఎనిమిది గంటలు వేస్తే 12 యూనిట్లు. కరెంటు యూనిట్ 18 సెంట్లు అనుకుంటే రాత్రికి 2 డాలర్ల 16 సెంట్లు, నెలకు 65 డాలర్లు. ఒక థర్మ్ గ్యాస్‌లో 29.3 యూనిట్ల వేడి ఉంటుంది. 95 శాతం సామర్థ్యం ఉన్న ఫర్నేస్ అందులో దాదాపు 28 ఇంట్లోకి ఇస్తుంది. థర్మ్ 1.20 డాలర్లు అయితే యూనిట్ వేడికి పడేది నాలుగు సెంట్ల పైచిలుకు. అంటే అంతే వేడికి హీటర్ నాలుగింతలు ఖరీదు. మిగతా ఇల్లంతా బాగా చల్లగా ఉంచి ఒక్క గదినే వెచ్చగా ఉంచితే తప్ప లాభం లేదు. ఫర్నేస్ మామూలుగా నడుస్తూ, పైన హీటర్ కూడా వేస్తే రెండు బిల్లులూ మీవే. దానికి బదులు విద్యుత్ దుప్పటి వాడండి, వంద వాట్లకు అటూ ఇటూగా తీసుకుంటుంది, మనిషినే వెచ్చగా ఉంచుతుంది. మధుమేహంతో కాళ్ల స్పర్శ తగ్గినవారికి మాత్రం అది వద్దు, కాలినా తెలియదు. వాళ్లకు పడుకునే ముందు పరుపు వేడి చేసి, ఆపేయండి. హీటర్ వాడక తప్పకపోతే నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టండి, ఎక్స్‌టెన్షన్ వైరుకు వద్దు. చుట్టూ మూడడుగుల వరకు బట్టలు, దుప్పట్లు లేకుండా చూడండి.

కుంపటి, బొగ్గుల గ్రిల్లు, తెరిచిన ఓవెన్, ఇవేవీ ఇల్లు వేడి చేయడానికి వాడకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే చంపేస్తుంది. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా అలారం ఉండాలి. ఇల్లు బిగించి గాలి తగ్గించిన తర్వాత అది ఇంకా ముఖ్యం.

ఫర్నేస్ దగ్గర మీ పని

ఫిల్టరు. ఒకటి నుంచి మూడు నెలలకొకసారి మార్చండి. దుమ్ము పట్టిన ఫిల్టరులో గాలి ఆడక ఫర్నేస్ ఎక్కువసేపు తిరుగుతుంది, ఒక్కోసారి వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. రోజూ తిరగమోతలు వేసే ఇంట్లో నూనె పొగకు ఫిల్టరు త్వరగా జిడ్డు పడుతుంది, మా ఇంట్లో ఆరు వారాలకే నల్లబడుతుంది. నెల మొదటి తారీకున తీసి వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి.

వాడని గదుల వెంట్‌లు మూసేస్తే గ్యాస్ మిగులుతుందనుకుంటారు. ఫర్నేస్‌కు మీరు మూసిన సంగతి తెలియదు. అది అంతే గాలి తోస్తుంది, గదులకు గాలి చేర్చే గొట్టాల్లో, అంటే డక్ట్‌లలో, ఒత్తిడి పెరిగి అతుకుల దగ్గర కారుతుంది. వదిలేయండి. విద్యుత్ బేస్‌బోర్డ్ హీటర్లున్న అపార్ట్‌మెంట్లలో మాత్రం ప్రతి గదికీ వేరే నాబ్ ఉంటుంది, అక్కడ వాడని గదిని తగ్గిస్తే నిజంగానే మిగులుతుంది. ఫర్నేస్ డక్ట్‌ల అతుకులకు మాస్టిక్ అనే పేస్టు పూయండి, లేదా అల్యూమినియం రేకు టేపు వేయండి. దుకాణంలో డక్ట్ టేప్ పేరుతో అమ్మే గుడ్డ టేపు ఆ ఒక్క పనికే పనికిరాదు, ఎండి ఊడిపోతుంది.

మీ ఫర్నేస్ ఏ రకమో తెలుసుకోవడానికి పొగ గొట్టం చూడండి. రేకు గొట్టం చిమ్నీలోకి వెళుతుంటే అది దాదాపు 80 శాతం సామర్థ్యం ఉన్నది. తెల్లటి ప్లాస్టిక్ గొట్టం గోడ పక్కకు వెళుతుంటే 90 శాతం దాటినది. 80 శాతానిది ఇరవై ఏళ్లు దాటి మొరాయిస్తుంటే అప్పుడు మార్పిడి గురించి ఆలోచించండి. చిల్లులు మూసిన తర్వాత ఇల్లు అడిగే వేడి తగ్గుతుంది కాబట్టి చిన్న ఫర్నేసే సరిపోతుంది, వరుస ముఖ్యమని చెప్పింది ఇందుకే. ఇన్సులేషన్, ఫర్నేస్, హీట్ పంపుల మీద వచ్చే ఫెడరల్ ఆదాయపు పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. అది ఇంకా ఉందని చెప్పి అమ్మేవాళ్ల మాట వినకండి. గ్యాస్ కంపెనీలు, రాష్ట్రాలు ఇచ్చే రిబేట్లు వేరే, వాటిని విడిగా అడగండి.

వంటింటి ఎగ్జాస్ట్ తిరగమోత వేసేటప్పుడు, తర్వాత పది నిమిషాలు తిరిగితే చాలు. అన్నం తినేసి గిన్నెలు కడిగేదాకా తిరుగుతుంటే మీరు వేడి చేసిన గాలినే బయటికి తోడేస్తోంది. వాటర్ హీటర్‌ను 120 ఫారెన్‌హీట్‌కు తగ్గించండి, అంటే దాదాపు 49 సెల్సియస్. షవర్ నిమిషానికి రెండున్నర గ్యాలన్ల దాకా పోస్తుంది, పది నిమిషాలకు 25. మా అమ్మ ఇక్కడా బకెట్టు, చెంబే వాడుతుంది. ఐదు గ్యాలన్లతో తలంటు స్నానం అయిపోతుంది. పిల్లలు నవ్వుతారు గానీ బిల్లు కట్టేది పిల్లలు కాదు.

గ్యాస్ ఎవరి దగ్గర కొంటున్నారు?

ఒహాయో, పెన్సిల్వేనియా, ఇల్లినాయ్, న్యూజెర్సీ, మిషిగన్ వంటి రాష్ట్రాల్లో పైపు ఒకరిది, గ్యాస్ అమ్మేది ఇంకొకరు కావచ్చు. బిల్లులో సరఫరా ఖర్చు, చేరవేత ఖర్చు విడివిడిగా కనిపిస్తాయి. ఇంటికి వచ్చే అమ్మకందారు మొదటి మూడు నెలలకు తక్కువ రేటు చెబుతాడు, ఆ తర్వాత రేటు నెలనెలా మారుతుంది. నేను ఒకసారి అలా సంతకం పెట్టి ఫిబ్రవరిలో నాలుక కరుచుకున్నాను. మీ స్థానిక కంపెనీ సాధారణ రేటు ఎంతో చూడండి, ఎవరు వచ్చినా దానితో పోల్చండి. రేటు ఎన్నాళ్లు స్థిరంగా ఉంటుంది, మధ్యలో మానుకుంటే జరిమానా ఉందా, గడువు తర్వాత ఏమవుతుంది అని అడగండి. మీ పాత బిల్లు మాత్రం గుమ్మంలో చూపించవద్దు. అందులోని అకౌంట్ నంబరు దొరికితే మీకు తెలియకుండానే మార్చేసే ప్రబుద్ధులు ఉన్నారు.

‘బడ్జెట్ బిల్లింగ్’లో ఏడాది మొత్తాన్ని పన్నెండు సమాన భాగాలు చేస్తారు. జనవరి దెబ్బ తగలదు, కానీ ఒక్క సెంటు కూడా తగ్గదు. కొత్తగా వచ్చి నెల జీతం మీద నడిచేవారికి ఉపయోగమే. నాకైతే బిల్లు కళ్లకు గుచ్చుకుంటేనే అటక గుర్తుకొస్తుంది.

సంక్రాంతికి ఊరు వెళుతున్నప్పుడు

డిసెంబరులో మూడు నాలుగు వారాలు ఇండియా వెళ్లేటప్పుడు ఫర్నేస్ పూర్తిగా ఆపేయాలనిపిస్తుంది. ఆపకండి. మాకు తెలిసిన ఒక కుటుంబం అలా ఆపి వెళ్లి, పైపులో నీళ్లు గడ్డకట్టి, పైపు పగిలి, తిరిగి వచ్చేసరికి వంటింటి సీలింగ్ నేల మీద ఉంది. గ్యాస్‌లో మిగిలింది నూటయాభై డాలర్లు ఉంటుందేమో. హీటింగ్ నడపనందుకు బీమా సొమ్ము ఆపే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది, మీ పాలసీ తీసి చదవండి.

థర్మోస్టాట్ 55కు పెట్టండి, అంతకంటే దించవద్దు. థర్మోస్టాట్ బ్యాటరీలు కొత్తవి వేయండి. ఫిల్టరు మార్చండి. బయటి గోడకు ఆనుకున్న సింకుల కింద అలమర తలుపులు తెరిచి ఉంచండి, గది వేడి పైపులకు తగలాలి. తర్వాత ఇంటికి నీళ్లు వచ్చే ప్రధాన వాల్వ్ కట్టేసి, ఒక కొళాయి తిప్పి పైపుల్లో నీటి ఒత్తిడి పోగొట్టండి. మీ ఇల్లు వేడి నీటి రేడియేటర్లతో నడిచేదైతే వాల్వ్ కట్టే ముందు మెకానిక్‌ను అడగండి, బాయిలర్‌కు నీళ్లు అవసరం కావచ్చు. పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి, బాగా చలి ఉన్న రోజుల్లో ఒకసారి లోపలికి వచ్చి చూడమనండి. వచ్చేటప్పుడు వాళ్లకో పూతరేకుల పెట్టె తెస్తే సరి. ఆ ప్రధాన వాల్వ్ ఎక్కువ ఇళ్లలో బేస్‌మెంట్‌లో, వీధివైపు గోడ దగ్గర ఉంటుంది. విమానం ఎక్కే రోజు వెతుక్కోకుండా ఇప్పుడే దిగి చూసి, ఒకసారి తిప్పి, బిగుసుకుపోలేదని నిర్ధారించుకోండి.